గోడకు కాసిన కాయ

మా శంఖతీరం కాలనీలో ఇళ్ళు పది, గోడ మాత్రం ఒక్కటే. కొత్తగా చేరినవాళ్ళకి ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వుకోనీ అని ఊరుకుంటాను. ఒక్క శుక్రవారం గడిచాక వాళ్ళే వచ్చి, "వరహాలమ్మగారూ, మా హాల్లో గోడ పొద్దున్న చల్లగా ఉంది, సాయంత్రానికి వెచ్చబడింది. పరవాలేదా?" అని అడుగుతారు. "జ్వరమేం కాదులెండి, తిన్నది అరిగించుకుంటోంది" అని చెప్పి పంపిస్తాను.

భీమిలి వెళ్ళే దారిలో కొండ దిగి సముద్రం వైపు తిరిగితే మా వరుస కనిపిస్తుంది. ఈ ఉప్పుగాలికి మామూలు ఇల్లు ఎంతోకాలం నిలవదు. లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుపెచ్చులుగా రాలిపోతుంది. అందుకని మా ఇళ్ళను ఇనుమన్నది లేకుండా జీవసున్నంతో కట్టారు. పాతకాలంలో గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపేవారు కదా! అలాంటి పాడుబడ్డ గోడలో ఇంకా బతికున్న సూక్ష్మజీవి ఒకటి దొరికితే, దాన్ని లాబొరేటరీలో పెంచి, మచ్చిక చేసి, గోడగా నిలబెట్టారు. బెల్లం నీళ్ళూ సున్నపు తేటా తాగి రాయిని కక్కడం దాని పని. ఎక్కడ సన్నని బీట పడినా నెల తిరిగేసరికి తనే పూడ్చుకుంటుంది. చీమలు పట్టవా అని అందరూ అడుగుతారు. కరక్కాయ వగరుకి చీమ ఆ ఛాయలకి రాదు.

ఇక బాధ్యతల సంగతి. ఇంటి లోపలి వైపు శుక్రవారం శుక్రవారం గోడకు బెల్లం నీళ్ళు పట్టడం ఇంటివాళ్ళ పని. బయటి వైపు, పైకప్పు, వాననీటి కాలువలు సంఘం పని. రెండిళ్ళ మధ్య గోడకైతే అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు. మధ్యలో ఉన్న మందం ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు, మా నిబంధనలు రాసినవాళ్ళకీ తోచలేదు.

ఆ సంఘానికి నేను సెక్రటరీని. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను, నోరు కాస్త పెద్దదే. పదిమంది చేతిలో పాము చావదంటారు. మా పది ఇళ్ళలో అయితే ఎవరో ఒకరు గట్టిగా అరవకపోతే కాలువలో చచ్చిన ఎలుక కూడా కదలదు. ఆ అరిచేది నేనన్నమాట. నేను పట్టుబట్టి పెట్టించిన నియమం ఇంకొకటుంది: గోడకు ఆనుకోకూడదు. మనవాళ్ళు తలకి ఇంత నూనె రాసుకుని హాల్లో గోడకి చేరగిలబడితే, లేచేసరికి గుండ్రంగా మరక. ఎన్ని సున్నాలేసినా పోదు. మా ఇంట్లో కుర్చీలూ మంచమూ అన్నీ గోడకి జానెడు దూరంలోనే ఉంటాయి. మా ఆయన పోయాక వచ్చేపోయేవాళ్ళు కూడా తగ్గారు. నా గోడలు అద్దాల్లా ఉండేవి, నాకదో గొప్ప.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక, బయటి గోడల మీద పేరుకున్న ఉప్పు గీకించడానికి మెషిను తెప్పించాం. సంఘం ప్రెసిడెంటు బూరాడ గౌరునాయుడు ముందుగా ఓసారి చూసి వస్తానని వెళ్ళి, అంత దూరం నుంచే కేకేశాడు.

"సెక్రటరీగారూ, ఇలాగొచ్చి సూడండి. ఇదేటిది?"

మూడో నంబరు ఇంటి గుమ్మం పక్క నుంచి గేటు దాకా, నడుం ఎత్తున, గోడ పొడుగునా ఒక గట్టు లేచి ఉంది. బొటనవేలంత మందం. నున్నగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. గుమ్మాలొచ్చిన చోట ఆగి, అవతల మళ్ళీ సరిగ్గా అదే ఎత్తులో మొదలవుతోంది.

"ఎవరు కట్టీసేరో గానీ పర్మిషన్ లేకండా కట్టీసేరండి" అన్నాడు గౌరునాయుడు.

"కట్టడం కాదయ్యా, ఇది గోడలోంచే వచ్చింది" అన్నాను నేను గోరుతో గీరి చూసి. అతుకన్నది ఎక్కడా లేదు.

మూడో నంబరు ఇల్లు చామర్తి హైమవతిది. జీవసున్నం తయారుచేసిన మనిషి ఆవిడే. మూడేళ్ళ కిందట లాబొరేటరీలో సున్నంలో నీళ్ళు పోస్తుంటే ఒక్కసారిగా పొంగి మొహం మీద పడింది. రెండు కళ్ళూ పోయాయి. భర్త శేషగిరి ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. అయినా ఆవిడ ఉద్యోగం మానలేదు. రోజూ పొద్దున్న గోడ పట్టుకుని గేటు దాకా నడిచి, అక్కడ లాబొరేటరీ వ్యాను ఎక్కి వెళ్తుంది. మా ఇళ్ళ ముందు దారి ఇద్దరు ఇరుకుగా పట్టేంత, అవతల కొండవాలు. సముద్రం హోరులో చేతికర్ర చప్పుడు ఆవిడకే వినిపించదు. గోడకి రెయిలింగ్ కొట్టిద్దామంటే ఈ గోడ మేకుని ఉంచుకోదు, వారంలో కక్కేస్తుంది. కాబట్టి ఆవిడకి గోడే దారి.

పిలవగానే బయటికి వచ్చింది. నేను గట్టు సంగతి చెప్పాను, కాస్త కటువుగానే. ఆవిడ చెయ్యి చాచింది. చెయ్యి వెతుక్కోలేదు, నేరుగా వెళ్ళి ఆ గట్టు మీద వాలింది. గట్టు మీద ఆవిడ అరచెయ్యి అచ్చుపోసినట్టు ఒద్దికగా కూర్చుంది.

"పిన్నిగారూ, నాకు తెలుస్తూనే ఉంది" అంది మెల్లగా. "రోజురోజుకీ చేతికి ఎత్తుగా తగులుతోంది. నా భ్రమేమో అనుకున్నా. చూద్దామంటే నాకు కుదరదు. ఎవర్ని అడగను?"

"అయితే ఏమిటిది?"

"చేత్తో ఒకే పని రోజూ చేస్తే కాయ కాస్తుంది చూడండి, అదే. గోడకి కాయ కాసింది. నా చెయ్యి ఆనిన చోటల్లా బరువు మోయాలనుకుని బలం తెచ్చుకుంది. ఎముక కూడా అంతే." అని నవ్వింది. ఆ నవ్వులో కళ్ళు లేని లోటు కనిపించలేదు. "ఇలా చెయ్యమని దీనికి నేను నేర్పలేదు పిన్నిగారూ! నాకే తెలీదు!"

గౌరునాయుడు రెండు చేతులూ గోడకి జోడించి దణ్ణం పెట్టాడు. చోద్యం కాకపోతే, షిప్‌యార్డులో ఇనుము కరగబెట్టిన మనిషి! నేను కూడా పెట్టేదాన్నే, సెక్రటరీనన్న సంగతి గుర్తొచ్చి ఆగాను.

అంతలో హైమవతి నవ్వు ఆగిపోయింది. చెయ్యి గట్టు మీదే ఉంచి, "మనం పట్టే నీళ్ళు ఎప్పుడూ ఒకే కొలత కదా. మరి ఇంత రాయి ఎక్కడ్నించి వచ్చింది?" అంది.

ఆవిడ నా భుజం పట్టుకుని, "వరుసంతా తట్టి చూడాలి, నడిపించండి" అంది. ఒక్కొక్క ఇంటి గోడా వేలి కణుపుతో తడుతూ, చెవి ఆనించి వింటూ వెళ్ళింది. మొదటి ఇళ్ళన్నీ నిండు బానల్లా పలికాయి. ఏడో ఇంటి దగ్గర ఒకసారి ఆగింది. తొమ్మిదో ఇంటి దగ్గర పెదవి కొరుక్కుంది. పదో ఇల్లు నాది. చివరిల్లు. దాని చివరిగోడ సముద్రానికి ఎదురుగా ఉంటుంది. అక్కడ తట్టేసరికి ఖాళీ నూనెడబ్బా చప్పుడు నాకు కూడా వినిపించింది.

"ఈ గోడకి ఎవరూ ఆనుకోరా?" అని అడిగింది.

"ఆనుకోనివ్వను" అన్నాను, అప్పటికింకా గొప్పగానే.

"అదే అయ్యింది. బరువు లేని చోట తనకి పనిలేదనుకుంటుంది. ఇక్కడి సున్నం కరిగించి, పని ఉన్న చోటికి తీసుకెళ్తోంది. మీ గోడ నా గట్టయింది పిన్నిగారూ."

నాకు ఒళ్ళు మండింది. "ఓహో! అంటే నేను వారం వారం బెల్లం పోసి పెంచుతుంటే, అది దాచుకుని నీకు పెడుతోందా? దొంగ గోడ!"

ఆవిడ తడుతూ తడుతూ వీధి గుమ్మం దగ్గరికి వచ్చి, ఠక్కున ఆగింది. "ఇక్కడ మందంగా ఉంది" అంది. వేళ్ళతో తడిమి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. "మీరు చెప్పులు విప్పేటప్పుడు ఇక్కడ చెయ్యి ఆనుస్తారు కదూ?"

గుమ్మం పక్కన, నా భుజం ఎత్తున, గోడ కొంచెం ఉబ్బి ఉంది. సున్నం తెలుపులో కంటికి ఆనదు. చేతికి తెలుస్తుంది. నా చెయ్యి అందులో పెడితే ఐదు వేళ్ళూ సరిపోయాయి. చిటికెన వేలు కాస్త వంకరగా ఉంటుంది నాకు, అక్కడ గోడ కూడా వంకరగానే లేచింది.

ఏడ్చాను. దాచుకోవడం దేనికి? మా ఆయన పోయాక ఈ ఇంట్లో నా చెయ్యి ఎలా ఉంటుందో ఎరిగినవాళ్ళు ఎవరూ లేరనుకున్నాను. గోడకి తెలుసు. దొంగ అని తిట్టి ఇంకా క్షణం కాలేదు.

మర్నాడు హైమవతి నన్ను లాబొరేటరీకి రమ్మంది. "ఇంటి యజమాని మీరు, సంఘమూ మీరే. కళ్ళారా చూడాలి" అంది. అక్కడ ఆవిడ దగ్గర పనిచేసే కౌసల్య అనే అమ్మాయి ఓ పొడవాటి తొట్టెలో చిన్న గోడ పెంచుతోంది. దానికి ఒక చివర రబ్బరు అరచెయ్యి ఒకటి మోటారుతో నిమురుతూ ఉంది. రెండో చివర ఏ ఒత్తిడీ లేకుండా వదిలేశారు. నిమిరిన వైపు గోడ గూనిలా లేచింది. వదిలేసిన వైపు ఎంత పల్చబడిందంటే, కౌసల్య వెనక దీపం పెట్టగానే వెలుగు పాలరంగులో ఇటు వచ్చేసింది. రాయిలోంచి వెలుగు! నేను నోరెళ్ళబెట్టాను.

"మధ్యలో చూడండి మేడమ్" అని కౌసల్య భూతద్దం సరిచేసింది.

చూశాను. గోడ లోపల వెంట్రుకంత సన్నని దారుల్లో తెల్లటి రేణువులు నడుస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి, తొందరపడకుండా, పల్చని వైపు నుంచి గూని వైపు. పెళ్ళికి పప్పులూ బియ్యమూ మోసుకెళ్ళే బంధువుల్లా ఉంది వాటి వాలకం. ఎంతసేపు చూశానో తెలీదు. కళ్ళు లేని ఆ మనిషి నా పక్కన నిలబడి, "నడుస్తున్నాయా? ఎలా నడుస్తున్నాయి? చెప్పండి పిన్నిగారూ" అని పసిపిల్లలా అడుగుతుంటే, తను చేసిన ఈ వింతని తనే చూడలేని రాత ఏమిటా అనుకున్నాను. చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

ఆ ఆదివారం సంఘం మీటింగు గౌరునాయుడు ఇంటి ముందు పెట్టాం. నా చివరిగోడ సంగతి అందరికీ తెలిసిపోయింది. తుపాన్ల కాలం ముందుంది, సముద్రపు గాలి మొదట కొట్టేది ఆ గోడనే. అది కూలితే పక్కిల్లు లాగుతుంది, ఆ తర్వాత దాని పక్కిల్లు. ఒకే గోడ కదా!

హైమవతి లేచి నిలబడింది. "గట్టు గీకించెయ్యండి. ఆ సున్నం తీసి పిన్నిగారి గోడకి పట్టిస్తే అతుక్కుంటుంది. కానీ గీకడం ఒక్కటే చాలదు. నేనింక బయటి గోడ ముట్టుకోకూడదు. ముట్టుకున్నంత కాలం సున్నం నా వైపే నడుస్తుంది."

"గోడ ఒగ్గీసి ఎలాగ ఎల్తావమ్మా?" అన్నాడు గౌరునాయుడు.

"వెళ్ళను. రాజమండ్రిలో మా అత్తగారు ఎప్పటినుంచో వచ్చెయ్యమంటున్నారు. లాబొరేటరీ పని కౌసల్య చూసుకుంటుంది." గొంతు గట్టిగానే ఉంది. చీర చెంగు మాత్రం వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తోంది.

అందరూ గోడ మీద పిల్లుల్లా కూర్చున్నారు. అటు ఆవిడ బతుకు, ఇటు నా ఇల్లు, ఎవరు మాత్రం ఏం చెబుతారు? చివరికి గౌరునాయుడే గొంతు సవరించుకున్నాడు. "బయటి గోడ సంఘం బాధ్యతండి. పడిపోతే సంఘం మీదికే వస్తాది. సెక్రటరీగారు ఎలా అంటే అలాగే."

నిజం చెప్పాలంటే, నాకున్నది ఆ ఇల్లొక్కటే. దాని కోసం మా ఆయనా నేనూ ఎన్నో మానుకున్నాం. కానీ భూతద్దంలో చూసిన ఆ నడక నా కళ్ళ ముందే ఉంది. పని ఉన్న చోటికి వెళ్ళాలని గోడకే తెలిసినప్పుడు, పని ఉన్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడానికి నేనెవరిని?

"గీకడానికి వీల్లేదు" అన్నాను. "హైమా, బరువు పెడితే గోడ పెరుగుతుందన్నావు. అవునా?"

"అవును, కానీ టైము పడుతుంది. తుపాను ఈలోగా వస్తే..."

"వస్తే రానీ. అందరూ వినండి. రేపటినుంచి సాయంత్రాలు మా ఇంటికి వచ్చి చివరిగోడకి ఆనుకుని కూర్చోండి. కాఫీ నాది."

ఎనిమిదో నంబరు కామేశ్వరి, "ఆనుకోవద్దని ఇన్నేళ్ళూ మా పిల్లల చెవులు మెలేసింది మీరే కదండీ!" అంది. అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

వచ్చారు. మొదట మొహమాటపడుతూ అంచులకి కూర్చున్నారు. రెండు రోజులకి కాళ్ళు బార్లా చాపుకున్నారు. పెళ్ళింట్లో విస్తళ్ళ ముందు కూర్చున్నట్టు వరసగా గోడ పొడుగునా వీపులే. గౌరునాయుడు తలకి ఆవనూనె రాసుకుని మరీ వచ్చేవాడు. మరక చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. మింగలేక కక్కలేక కాఫీలు పోసేదాన్ని. బెల్లం నీళ్ళు కూడా రెట్టింపు చేశాం, లోపల నేను, బయట సంఘం. ఒకనాడు కామేశ్వరి కూతురు, "మామ్మా, నా వీపుకి గోడ తగులుతోంది" అంది. "తగలక ఏం చేస్తుంది?" అన్నాను. "అలా కాదు. అదే ముందుకొచ్చి తగులుతోంది." చెయ్యి పెట్టి చూస్తే నిజమే. ఆ పిల్ల వీపుకి తగినట్టు గోడ కొంచెం లేచింది. ఆ సాయంత్రం అందరూ లేచి ఎవరి చోటు వాళ్ళు తడిమి చూసుకున్నారు. గౌరునాయుడు తన చోటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

దీపావళికి ముందు తుపాను వచ్చింది. గోడ అప్పటికి సగం కూడా కోలుకోలేదు. నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. నేను ససేమిరా అంటే హైమవతి కబురు పెట్టింది: "మీరు రాకపోతే నేనే గోడ పట్టుకుని మీ దగ్గరికి వచ్చేస్తాను." అన్నంత పనీ చేస్తుందని తెలుసు. చీర పైకి దోపుకుని మూడో నంబరుకి వెళ్ళాను.

మధ్యాహ్నమే చీకటి కమ్మింది. గాలి ఈల మొదలై, అది కాస్తా రంకె అయ్యింది. హైమవతి హాల్లో రెండు ఇళ్ళ మధ్య గోడ దగ్గర నిలబడి రెండు అరచేతులూ దానికి ఆనించింది. "రండి పిన్నిగారూ" అంది.

చేతులు పెట్టాను. ఓరి నాయనోయ్! గోడ వణుకుతోంది, కానీ అది భయపడ్డ వణుకు కాదు. దూరంగా, మా ఇంటి వైపు నుంచి, గాలి కొట్టినప్పుడల్లా ఒక పోటు బయల్దేరి ఒక్కొక్క ఇల్లూ దాటుకుంటూ వచ్చి నా అరచేతిలో తగులుతోంది. తగిలిన వెంటనే ఇటునుంచి ఇంకొకటి వెనక్కి వెళ్తోంది.

"అది మీ చివరిగోడ" అంది హైమవతి గొంతు తగ్గించి. "గాలికి వంగుతోంది. మిగతా తొమ్మిదిళ్ళూ దాన్ని వెనక్కి లాగి పట్టుకుంటున్నాయి. ఇప్పుడు... మళ్ళీ... చూశారా?"

చూశాను, చేతులతో. పది ఇళ్ళ రాయి ఒక్క ప్రాణమై ఊపిరి బిగబట్టడం ఈ రెండు చేతులతో తెలుసుకున్నాను. ఎవరి ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ పోటుకి తెలీదు. గుళ్ళో కూడా నాకు ఎప్పుడూ అలా అనిపించలేదు. ఒకసారి పెద్ద చప్పుడైంది, పోటు ఆగిపోయింది. హైమవతి గోరు నా మణికట్టులో దిగింది. "అయిపోయింది నా ఇల్లు" అనుకున్నాను. మరుక్షణం పోటు మళ్ళీ వచ్చింది, నీరసంగా, కానీ వచ్చింది. ఇద్దరం ఒకర్నొకరం పట్టుకుని ఏడ్చేశాం.

గాలి తగ్గాక వెళ్ళి చూస్తే నా చివరిగోడకి మూల నుంచి మూలకి బీట. బీటలోంచి సముద్రం కనిపిస్తోంది. గోడ మాత్రం నిలబడే ఉంది. సరిగ్గా మనుషులు ఆనుకున్న చోట బీట పక్కకి తిరిగి, చుట్టూ పోయింది.

మర్నాటి నుంచి గోడ బీట పూడ్చుకోవడం మొదలుపెట్టింది. మేం కడవలకొద్దీ బెల్లం నీళ్ళు పోస్తున్నాం. నాలుగు రోజులు ఆ హడావుడిలో ఉండి నేను మరో సంగతి గమనించలేదు. ఐదో నాడు గేటు దగ్గరికి వెళ్తూ చూస్తే, గట్టు సగానికి సగం దిగిపోయి ఉంది. అంత దూరంలో దారి మధ్యన హైమవతి. కుడి చెయ్యి గుండెకి అదిమి పెట్టుకుంది, ఎడమచేత్తో కర్ర పట్టుకుంది. మోచెయ్యి దోక్కుపోయి రక్తం ఎండి ఉంది. కొండవాలుకి మూరెడు దూరంలో, అంగుళం అంగుళం నడుస్తోంది.

పరిగెత్తాను. ఈ వయసులో నేను పరిగెత్తగలనని నాకే తెలీదు.

"బుద్ధుందా నీకు? గోడ అక్కడుంటే ఇక్కడేం చేస్తున్నావు?"

"అరవకండి పిన్నిగారూ. మీ బీట పూడేదాకా గోడ ముట్టుకోకూడదనుకున్నా. అది నా వైపు ఒక్క రేణువు పంపినా మీ దగ్గర ఆలస్యమవుతుంది."

"పడిపోతే?"

"నిన్న పడ్డాను. లేచాను కదా."

ఆవిడ కర్ర లాక్కుని, చెయ్యి తీసి నా భుజం మీద వేసుకున్నాను. నేను కొండవాలు వైపు, తను గోడ వైపు. వ్యాను దాకా నడిపించాను. సాయంత్రం వ్యాను వచ్చేవేళకి గేటు దగ్గర నిలబడ్డాను. మర్నాడూ అంతే. ఎవరూ నన్ను చెయ్యమనలేదు, సంఘం నిబంధనల్లో ఇది ఎవరి వాటాకీ రాలేదు.

అలా చలికాలమంతా నడిచాం. రోజూ దెబ్బలాడుకునేవాళ్ళం. నేను గబగబా నడుస్తానని తను, తను ఆగి ఆగి గాలి వింటుందని నేను. లాబొరేటరీ కబుర్లన్నీ నాకు చెప్పేది. సగం అర్థమయ్యేవి కావు, అయినా ఊఁ కొట్టేదాన్ని. గట్టు పూర్తిగా గోడలో కలిసిపోయింది. ఎక్కడుండేదో వెతికినా తెలీకుండా పోయింది. దాని గురించి ఆవిడ ఒక్కనాడు కూడా మాట్లాడలేదు.

శివరాత్రి వెళ్ళాక నా బీట పూడింది. హైమవతి వచ్చి పై నుంచి కింద దాకా తట్టి చూసి, చెవి ఆనించి, "నిండింది పిన్నిగారూ" అంది. గౌరునాయుడు, కామేశ్వరి, అందరూ అప్పటికే హాల్లో ఎవరి చోట్లో వాళ్ళు చేరగిలబడి ఉన్నారు. బీట పూడిందని మానేస్తారనుకున్నాను. ఎవరూ మానలేదు.

మర్నాడు పొద్దున్న మామూలుగా ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఎడమ చెయ్యి నా భుజం మీద వేసింది. కుడి చెయ్యి, అలవాటు కొద్దీ, గుండెకి అదిమి పెట్టుకుంది. నాలుగడుగులు వేశాక నేను ఆగాను.

"ఆ చెయ్యి గోడ మీద వెయ్యి" అన్నాను.

"వద్దు పిన్నిగారూ. మళ్ళీ మీ గోడ..."

"నా గోడకి ఆనుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వెయ్యి."

"మీరున్నారు కదా, ఇంక గోడెందుకు?"

"నేనెల్లకాలం ఉంటానటే పిచ్చిదానా? నువ్వింకా చాలా ఏళ్ళు నడవాలి. నీ గట్టు లేవడానికి మూడేళ్ళు పట్టింది. ఇవాళ మొదలుపెడితే, నేను లేని రోజుకి సిద్ధంగా ఉంటుంది. పెట్టవే చెయ్యి!"

నా భుజం మీది వేళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత కుడి చెయ్యి మెల్లగా చాచి, చదునుగా ఉన్న గోడకి ఆనించింది. వ్యాను హారన్ కొడుతోంది. "వస్తున్నాం, ఆగవయ్యా!" అని ఒక్క కేక పెట్టి, ఆవిణ్ణి నడిపించుకుంటూ కదిలాను.